పొట్ట ఆపరేషన్ తర్వాత నొప్పి, తిమ్మిరి మందు, ఊపిరి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డుకి వెళ్ళినప్పుడు, ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళినప్పుడు పేషెంట్లూ వాళ్ళ తాలూకు వాళ్ళూ అడిగే ప్రశ్నలివి. కావలి నుంచి వచ్చినా, కనిగిరి నుంచి వచ్చినా కాస్త అటూ ఇటూగా ఇవే అడుగుతారు. జవాబులు పెద్దవాళ్ళకే వర్తిస్తాయి, పసిపిల్లల లెక్కలు వేరు. మీ ఒంటికి ఏది సరిపోతుందో మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

కోసింది పొట్ట కదా, ఊపిరికీ దానికీ ఏం సంబంధం?

దీనికి జవాబు తెలిస్తే మిగతావి సగం అవే అర్థమవుతాయి, అందుకని నిదానంగా చెబుతాను. గాలి పీల్చే పనిలో ఎక్కువ భాగం చేసేది డయాఫ్రమ్ అనే కండరం. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉంటుంది. అది కిందికి దిగినప్పుడు ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది, పొట్ట ముందుకు ఉబుకుతుంది. నిద్రపోతున్న పసిబిడ్డని చూడండి, లేచి పడేది పొట్టే.

ఆ పొట్ట మీద జానెడు కోత పడిందనుకోండి. గాలి గట్టిగా పీలిస్తే కుట్లు లాగుతాయి. దాంతో మనిషి తెలియకుండానే పైపైన చిన్న చిన్న ఊపిరులు తీసుకుంటాడు. దగ్గాలంటే పొట్ట కండరాలు బిగించాలి, అది ఇంకా నొప్పి, కాబట్టి దగ్గు మింగేస్తాడు. ఇక పూర్తి మత్తు ఇచ్చి పడుకోబెట్టినప్పుడే ఊపిరితిత్తుల అడుగుభాగం కొంత ముడుచుకుపోతుంది. పదిమందిలో తొమ్మిది మందికి ఇది ఏదో ఒక మేరకు జరుగుతుంది. మామూలుగా లేచి తిరిగితే, గట్టిగా ఊపిరి తీస్తే ఆ భాగం మళ్ళీ తెరుచుకుంటుంది. నొప్పితో ముడుచుకుని పడుకుంటే తెరుచుకోదు. గాలి ఆడని చోట కళ్ళె నిలుస్తుంది, నిలిచిన చోట క్రిములు చేరతాయి. ఆపరేషన్ తర్వాత వచ్చే న్యుమోనియా చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది.

కోత ఎక్కడ పడిందన్నది ముఖ్యం. బొడ్డుకి పైన, పక్కటెముకల దగ్గర పెద్ద కోత పడితే మొదటి రోజు ఒక్క గుక్కలో పీల్చి వదలగలిగే గాలి సుమారు సగానికి పడిపోతుంది. మామూలు స్థితికి రావడానికి వారం, కొందరికి రెండు వారాలు పడుతుంది. గర్భసంచి, సిజేరియన్ లాంటి బొడ్డు కింది కోతల్లో ఈ ఇబ్బంది తక్కువ. ఇరవై నాలుగు గంటల నొప్పికి (అపెండిసైటిస్‌కి) చేసే చిన్న కోతలో ఇంకా తక్కువ.

నొప్పి కొంత ఓర్చుకుంటే మంచిదే కదా? మందులు ఎక్కువ వాడితే కుట్లు మానవంటారు.

పారాసిటమాల్ వల్లో, తిమ్మిరి మందు (ఇచ్చిన చోట మాత్రమే మొద్దుబార్చే మందు) వల్లో కుట్లు మానకపోవడం ఉండదు. షుగరు అదుపులో లేకపోవడం, చుట్టా బీడీలు, తిండి సరిగా లేకపోవడం, గాయంలో చీము పట్టడం, ఇవీ మాననివ్వనివి.

మన వైపు మగవాళ్ళకి, అందులోనూ పెద్ద వయసు వాళ్ళకి, నొప్పి అని చెప్పడం నామోషీ. పొద్దున రౌండ్స్‌లో "నొప్పుందా నాయనా?" అంటే "ఆ, ఏముందిలే" అంటారు. "ఒకసారి గట్టిగా దగ్గు నాయనా" అంటే అప్పుడు బయటపడుతుంది, మొహం ముడుచుకుని గొంతులోంచి ఖళ్ మని ఒక చిన్న చప్పుడు. అందుకే కదలకుండా పడుకున్నప్పటి నొప్పిని నేను పెద్దగా లెక్కపెట్టను. గాలి నిండా పీల్చగలుగుతున్నాడా, దగ్గి కళ్ళె ఉమ్మగలుగుతున్నాడా, మంచం దిగి బాత్రూం దాకా నడవగలుగుతున్నాడా? ఈ మూడూ జరిగేంతగా నొప్పి తగ్గించాలి. అంతకంటే తక్కువైతే మందు చాలలేదని అర్థం. పూర్తిగా సున్నా కావాలని మాత్రం పట్టుబట్టొద్దు, అది ఎవరికీ సాధ్యం కాదు.

మరి మార్ఫిన్ లాంటి గట్టి ఇంజెక్షన్ ఒకటి ఇచ్చేస్తే సరిపోతుంది కదా?

మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ ఒక కుటుంబానివి. నొప్పిని బాగా తగ్గిస్తాయి. అవసరమైన చోట మేమూ వాడతాం, వాటిని తిట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ మోతాదు పెరిగేకొద్దీ మెదడులో ఊపిరిని నడిపించే కేంద్రాన్ని మందగింపజేస్తాయి. మనిషి మగతగా ఉంటాడు, ఊపిరి నెమ్మదిస్తుంది, దగ్గాలనిపించదు. వాంతులు, మలబద్ధకం, పేగులు ఆలస్యంగా కదలడం అదనం. నొప్పి ఉంటే ఊపిరి ఆడదు, నొప్పి తగ్గించే మందు ఎక్కువైనా ఊపిరి ఆడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్రలో గట్టిగా గురకపెట్టే లావుపాటి వాళ్ళ దగ్గర మాకు ఇంకా టెన్షన్.

అందుకే ఒక్క మందు మీద భారమంతా వేయకుండా, నాలుగైదింటిని తక్కువ తక్కువగా కలుపుతాం. 50 కిలోలు దాటిన మనిషికి పారాసిటమాల్ గ్రాము చొప్పున ఆరు గంటలకొకసారి, కిడ్నీలు బాగుంటే డైక్లోఫెనాక్ లాంటిది, దాంతోపాటు తిమ్మిరి మందు. మార్ఫిన్ అవసరం అప్పుడు బాగా తగ్గుతుంది.

తిమ్మిరి మందు అంటే పన్ను పీకేటప్పుడు ఇచ్చేదేనా?

అదే కుటుంబం. పన్ను దగ్గర ఇచ్చేది లిగ్నోకెయిన్, జైలోకెయిన్ అనే పేరుతో అందరికీ తెలుసు. 1943లో స్వీడన్‌లో తయారైంది. పొట్ట ఆపరేషన్లకి ఎక్కువగా వాడేవి బ్యూపివకెయిన్, రోపివకెయిన్, వీటి పనితనం గంటల తరబడి నిలుస్తుంది. వీటన్నిటికీ తాత లాంటిది కోకెయిన్. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టరు దాన్ని కంట్లో చుక్కలుగా వేసి, నొప్పి లేకుండా కంటి ఆపరేషన్ చేయొచ్చని చూపించాడు.

నరంలో నొప్పి కబురు సోడియం లోపలికి దూకడం ద్వారా ముందుకు పోతుంది. తిమ్మిరి మందు ఆ సోడియం దారులకి అడ్డుపడుతుంది. కోత దగ్గర మంట మంటగానే ఉంటుంది, కబురు మాత్రం మెదడు దాకా చేరదు. మందు దిగిపోయాక దారి మళ్ళీ తెరుచుకుంటుంది. మనిషికి మగత రాదు, ఊపిరి కేంద్రం జోలికి పోదు.

నరాల్ని మొద్దుబారిస్తే ఊపిరి తీసే కండరమే ఆగిపోదా?

తెలివైన ప్రశ్న. పొట్ట గోడకి వచ్చే నరాలు వీపు మధ్య భాగం నుంచి, దాని కింది నుంచి వస్తాయి. డయాఫ్రమ్‌ని నడిపే నరం మాత్రం మెడలోంచి దిగుతుంది. అందుకే పొట్టని తిమ్మిరెక్కించినా డయాఫ్రమ్ తన పని తాను చేసుకుంటుంది. (భుజం ఆపరేషన్‌కి మెడలో ఇచ్చే బ్లాకుల్లో, అంటే నరాల దగ్గర తిమ్మిరి మందు ఎక్కించే సూదుల్లో, ఒక పక్క డయాఫ్రమ్ కొన్ని గంటలు ఆగడం ఉంది. అది వేరే కథ.)

ఇక్కడ నాకిష్టమైన ముచ్చట ఒకటుంది. 1983లో ఫ్రాన్స్‌లో కొందరు డాక్టర్లు, పైపొట్ట ఆపరేషన్ అయిన వాళ్ళకి వీపులోని గొట్టం ద్వారా ఫెంటానిల్ ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది, డయాఫ్రమ్ మాత్రం మందకొడిగానే ఉండిపోయింది. 1988లో ఫ్రాన్స్‌లోనే మరో బృందం అదే చోట తిమ్మిరి మందు ఇస్తే డయాఫ్రమ్ కదలిక మెరుగైంది. అంటే తప్పంతా నొప్పిది కాదు. పొట్టలోపలి అవయవాల్ని కదిపినప్పుడు అక్కడి నరాలు డయాఫ్రమ్‌కి "నువ్వు కాస్త ఆగు" అని కబురు పంపుతాయి. తిమ్మిరి మందు ఆ కబురునీ ఆపుతుంది.

ఈ మందు ఎక్కడెక్కడ ఇస్తారు?

అన్నిటికంటే తేలిక, కుట్లు వేసే ముందు సర్జన్ గారే కోత అంచుల్లో ఎక్కించడం. ఖర్చు దాదాపు లేదు, రెండు నిమిషాల పని. అయినా చాలా చోట్ల మర్చిపోతారు.

రెండోది పొట్ట గోడలో ఇచ్చే బ్లాకులు. పొట్ట పక్కభాగంలో మూడు కండరాల పొరలుంటాయి. లోపలి రెండు పొరల మధ్య నుంచి నరాలు వెళ్తాయి. స్కానింగ్ తెరమీద చూస్తూ సూదిని ఆ సందులోకి తీసుకెళ్ళి మందు ఎక్కిస్తే ఆ రెండు పొరలూ విడిపోతూ తెరమీద కనిపిస్తాయి. దీన్ని ట్యాప్ బ్లాక్ అంటారు. 2001లో మొదటిసారి దీని గురించి రాశారు, అప్పట్లో స్కానింగ్ లేకుండా చేత్తో తడిమి చేసేవారు. మధ్య గీతలో కోత పడితే రెక్టస్ షీత్ బ్లాక్, అంటే ఆ గీతకి రెండు పక్కలా నిలువుగా ఉండే కండరం తొడుగులో ఇచ్చేది. ఇవి ఒకసారి ఇస్తే ఆరు నుంచి పన్నెండు గంటలు పనిచేస్తాయి. చర్మం, కండరం నొప్పి పోతుంది, లోపల పేగుల దగ్గర లాగినట్టుండే నొప్పి పోదు. అందుకని బ్లాక్ ఇచ్చాక కూడా "లోపల ఏదో పీకుతోంది సార్" అంటే అది అబద్ధమూ కాదు, బ్లాక్ ఫెయిలవడమూ కాదు.

మూడోది ఎపిడ్యూరల్. దాని గురించి విడిగా.

ఎపిడ్యూరల్ అంటే సిజేరియన్‌కి నడుంలో ఇచ్చే సూదేనా?

కాదు. సిజేరియన్‌కి ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. నడుం కింది భాగంలో ఒకే ఒక్క సూది, కాళ్ళు పూర్తిగా పడిపోయినట్టవుతాయి, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. పొట్ట ఆపరేషన్ నొప్పికి పెట్టే ఎపిడ్యూరల్‌ని వీపు మధ్యలో, రెక్క ఎముకల కింది అంచు దగ్గర పెడతాం. వెన్నుపాము చుట్టూ ఉన్న పొర బయటే ఆగి, మిల్లీమీటరు మందం కూడా లేని సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని అక్కడ వదిలి, సూది తీసేస్తాం. ఆ గొట్టంలోంచి పల్చటి మందు రెండు మూడు రోజులు చుక్కలు చుక్కలుగా వెళ్తుంది. కాళ్ళు కదులుతాయి, నడవొచ్చు.

పెద్ద కోతల్లో ఊపిరికి దీని సాయం ఎక్కువ. 2002లో అచ్చయిన, ఆస్ట్రేలియా డాక్టర్లు నడిపిన పెద్ద అధ్యయనంలో 915 మంది రిస్కు ఎక్కువున్న పేషెంట్లని చూశారు. ఎపిడ్యూరల్ ఉన్న వాళ్ళలో నూటికి 23 మందికి, లేని వాళ్ళలో నూటికి 30 మందికి ఊపిరి వైఫల్యం వచ్చింది. చనిపోయిన వాళ్ళ సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో మాట కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే.

ఇబ్బందులూ ఉన్నాయి. బీపీ తగ్గొచ్చు, మూత్రం ఆగొచ్చు, ఒళ్ళు దురద పెట్టొచ్చు. కొందరిలో ఒక పక్కే పనిచేసి రెండో పక్క నొప్పి అలాగే ఉంటుంది. గొట్టం జారిపోవడం కూడా జరుగుతుంది. అందుకే స్పిరిట్‌లో ముంచిన దూదితో పొట్ట మీద అక్కడక్కడా రాసి "ఇక్కడ చల్లగా ఉందా? ఇక్కడా?" అని అడుగుతుంటాం. విసుక్కోకుండా సరిగ్గా చెప్పండి.

కాళ్ళు కదులుతున్నవి కాస్తా ఒక్కసారిగా బరువెక్కితే, కదలకపోతే, వీపులో కొత్తగా గట్టి నొప్పి వస్తే అర్ధరాత్రయినా సరే పిలవండి. వెన్నులో రక్తం గూడు కట్టడం, చీము పట్టడం చాలా అరుదు. వస్తే మాత్రం గంటల్లో పట్టుకోవాలి.

వీపులో సూది వేయించుకుంటే జీవితాంతం నడుంనొప్పి ఉంటుందట?

సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు సలపడం నిజం. ఏళ్ళ తరబడి ఉండే నడుంనొప్పికి సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. బిడ్డని ఎత్తుకోవడం, వంగి పనిచేయడం, బరువు పెరగడం, వీటి పాపం కూడా మా సూది ఖాతాలో పడుతోంది. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకి పొరపాటున చిల్లు పడితే తలనొప్పి వస్తుంది, కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. అది నూటికి ఒకరి కంటే తక్కువ మందికి, వైద్యం ఉంది.

మాది కనిగిరి వైపు. మా నాయనకి ఫ్లోరైడ్ వల్ల నడుం బిగుసుకుపోయింది. ఆయనకి వీపు సూది వేస్తారా?

ఈ ప్రశ్న వేరే జిల్లాల మత్తు డాక్టర్లకి ఇంత తరచుగా ఎదురవదు. మన దేశంలో నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుని మనుషుల్లో తొలిసారిగా 1937లో రాసింది నెల్లూరు జిల్లా నుంచే. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోవే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి.

ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన వాళ్ళలో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి నారపొరలు సున్నం పట్టి ఎముకలా గట్టిపడతాయి. మేము సూదితో దాటాల్సింది సరిగ్గా ఆ పొరల్నే. నేను పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక పెద్దాయన వీపులో నాలుగు చోట్ల ప్రయత్నించాను, సూది మొన వంగింది కానీ లోపలికి దిగలేదు. తెల్లారి ఆయన కళ్ళల్లోకి చూడటానికి నాకు మొహం చెల్లలేదు. ముందు రోజే ఎక్స్‌రే తీసి చూసి ఉంటే ఆ బాధ ఆయనకి తప్పేది.

దీనికి ఇంకో కోణం ఉంది. ఫ్లోరోసిస్‌లో పక్కటెముకలు వెన్నుకి అతుక్కునే కీళ్ళు కూడా బిగుసుకుంటాయి, ఛాతీ సరిగా విప్పారదు. అలాంటి మనిషి దాదాపు పూర్తిగా డయాఫ్రమ్ మీదే బతుకుతుంటాడు. పొట్ట మీద కోత పెట్టి దాన్నీ మందగింపజేస్తే ఇక మిగిలేది తక్కువ. వెన్నులో సందు ఇరుకైపోయి కాళ్ళలో తిమ్మిర్లు ముందే ఉన్నవాళ్ళకి ఎపిడ్యూరల్ జోలికి పోకపోవడమే మంచిది. పొట్ట గోడ బ్లాకులు వీళ్ళకి వరం, వాటికి వెన్నుతో పనిలేదు. రెండు పక్కలా సన్నటి గొట్టాలు వదిలి రెండు రోజులు మందు ఇవ్వొచ్చు కూడా. మీ నాయన మెడ, నడుం ఎంత వంగుతాయో ముందే చూపించండి. మెడ బిగుసుకుపోయి ఉంటే పూర్తి మత్తులో గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం కూడా కష్టం, దానికీ మేము సిద్ధంగా ఉండాలి.

చీమకుర్తి క్వారీలో పనిచేశాను. చుట్ట అలవాటు కూడా ఉంది. చెప్పాలా?

తప్పకుండా చెప్పాలి. గ్రానైట్ దుమ్ము, గూడూరు, సైదాపురం వైపు పలుగురాళ్ళ దుమ్ము ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టిస్తాయి. ఆయాసం లేదనుకున్నా మెట్లెక్కించి చూస్తే తెలుస్తుంది. చుట్ట, బీడీ, సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు మానేస్తే ఊపిరితిత్తులు తేరుకోవడం మొదలవుతుంది. అంత టైం లేకపోతే ముందు రోజైనా మానండి, రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ ఒక రోజులోనే దిగిపోతుంది. ఇంట్లో వాళ్ళ ముందు చెప్పడానికి మొహమాటమైతే వాళ్ళని బయటికి పంపమనండి, పంపిస్తాను.

రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నాను.

ఆస్పిరిన్ ఒక్కటే అయితే ఎపిడ్యూరల్‌కి అడ్డం కాదు. క్లోపిడోగ్రెల్ అయితే మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల ముందు ఆపాలి. కానీ గుండెలో స్టెంట్ ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టరుని అడిగాకే. మాత్రల చీటీ కాకుండా మాత్రల అట్టలే పట్టుకురండి, "ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి" అంటే మాకు తెలియదు.

తిమ్మిరి మందు పడక ప్రాణాలు పోయాయని విన్నాం. టెస్ట్ డోస్ వేస్తారా?

బ్యూపివకెయిన్, లిగ్నోకెయిన్ లాంటి వాటికి నిజమైన అలర్జీ చాలా చాలా అరుదు. చర్మం కింద చుక్క వేసి చూడటం వల్ల అసలు ప్రమాదం తెలియదు. అసలు ప్రమాదం మోతాదు మించడం, లేదా పొరపాటున రక్తనాళంలోకి వెళ్ళడం. బ్యూపివకెయిన్ కిలోకి రెండు మిల్లీగ్రాముల చొప్పున లెక్కేసుకుంటే 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. పావు శాతం మందు అయితే 40 మిల్లీలీటర్లు, అర శాతం అయితే 20 మాత్రమే. సర్జన్ గారు కోతలో ఎంత ఎక్కించారు, నేను బ్లాక్‌లో ఎంత ఇచ్చాను, రెండూ కలిపి లెక్కపెట్టాలి.

మెలకువగా ఉన్నప్పుడు మందు ఎక్కిస్తుండగా నాలుక మొద్దుబారినట్టు, నోట్లో ఇనుము రుచి, చెవుల్లో గుయ్ మనే శబ్దం వస్తే వెంటనే చెప్పండి. అవి మొదటి గుర్తులు, తర్వాతవి ఫిట్స్, గుండె లయ తప్పడం. దీనికి విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. బ్లాకులు చేసే ప్రతి థియేటర్‌లో అది చేతికందేంత దగ్గరగా ఉండాలి.

మా ఊరి దగ్గర చిన్న ఆసుపత్రి. ఎపిడ్యూరల్ లేదన్నారు.

రాత్రంతా బీపీ, ఊపిరి, కాళ్ళ కదలిక చూసే మనుషులు లేనిచోట ఎపిడ్యూరల్ లేకపోవడమే క్షేమం. కోతలో తిమ్మిరి మందు ఎక్కించమని అడగండి. లిగ్నోకెయిన్, బ్యూపివకెయిన్ రెండూ మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. దాంతోపాటు పారాసిటమాల్‌ని నొప్పి వచ్చినప్పుడు కాకుండా గడియారం చూసి ఇవ్వడం, మర్నాడే లేపి నడిపించడం. ఇవి చేస్తే చాలా దూరం వస్తాం.

లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ఆపరేషన్) చేశారు. పొట్ట కంటే భుజం నొప్పి ఎక్కువగా ఉంది, ఎందుకు?

పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలి డయాఫ్రమ్‌ని చిరాకు పెడుతుంది. దాని నరం, భుజం చర్మం నరం మెడలో ఒకేచోట పుడతాయి, మెదడు పొరబడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది.

ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల డబ్బా ఇచ్చారు. ఎంత ఊదినా బంతులు లేవడం లేదు.

ఊదకూడదు, పీల్చాలి! పదిమందిలో ఆరేడుగురు ఊదుతూనే కనిపిస్తారు. తప్పు వాళ్ళది కాదు, చేతికిచ్చి వెళ్ళిపోయిన మాది. మంచం మీద నిటారుగా కూర్చుని, గాలి మొత్తం బయటికి వదిలి, గొట్టం పెదాలతో బిగించి పట్టి నిదానంగా లోపలికి లాగండి. మొదటి బంతికి సెకనుకి 600, రెండోదానికి 900, మూడోదానికి 1200 మిల్లీలీటర్ల వేగం కావాలి. మూడూ ఒక్కసారి టక్కున లేపి వదిలేయడం కంటే ఒకటో రెండో లేపి మూడు సెకన్లు నిలబెట్టడం మేలు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు.

నిజం చెప్పాలంటే ఈ డబ్బా ఒక్కదానివల్లే న్యుమోనియా తగ్గుతుందనడానికి బలమైన సాక్ష్యం లేదు. లోతుగా పీల్చడం, కూర్చోవడం, నడవడం అసలు వైద్యం, డబ్బా వాటిని గుర్తుచేసే బొమ్మ. ముందే నేర్పడం మాత్రం బాగా పనిచేస్తుంది. 2018లో అచ్చయిన, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 441 మంది మీద చేసిన అధ్యయనంలో, ఆపరేషన్‌కి ముందు ఫిజియోథెరపిస్టు అరగంట కూర్చోబెట్టి ఊపిరి వ్యాయామం నేర్పిన వాళ్ళలో ఊపిరితిత్తుల ఇబ్బందులు నూటికి 12, కాగితం మాత్రం ఇచ్చి పంపిన వాళ్ళలో 27. అరగంట మాట, పైసా మందు లేదు!

దగ్గితే కుట్లు ఊడిపోతాయని మా అవ్వ దగ్గనివ్వడం లేదు.

అవ్వకి నా మాటగా చెప్పండి, లోపలి పొర కుట్లు దగ్గుని తట్టుకునేలాగే వేస్తారు. దిండు ఒకటి కోత మీద పెట్టి రెండు చేతులతో హత్తుకుని, మోకాళ్ళు కాస్త మడిచి దగ్గమనండి. నొప్పి మందు ఇచ్చిన అరగంటకో ముప్పావు గంటకో దగ్గిస్తే ఇంకా తేలిక. అవ్వనే దిండు పట్టుకోమంటే సగం గొడవ తీరిపోతుంది.

రాత్రిపూట దేనికి నర్సమ్మని పిలవాలి?

లేపినా సరిగా లేవకుండా మగతగా ఉండి, నిమిషానికి పది కంటే తక్కువ ఊపిరులు తీస్తుంటే వెంటనే. నిమిషానికి ఇరవై ఐదు దాటి ఎగపోస్తున్నా, జ్వరంతో పచ్చటి కళ్ళె పడుతున్నా, మాట తడబడుతున్నా పిలవండి. వేలికి పెట్టిన మెషిన్‌లో 98 ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ఆక్సిజన్ మాస్క్ పెట్టి ఉంటే ఊపిరి నెమ్మదించినా ఆ అంకె చాలాసేపు బాగానే కనిపిస్తుంది. అంకెతోపాటు ఛాతీ ఎన్నిసార్లు లేస్తోందో గడియారం పట్టుకుని లెక్కపెట్టండి.

ఇంటికెళ్ళాక ఈ ఊపిరి వ్యాయామం ఎన్నాళ్ళు?

పెద్ద కోత అయితే రెండు వారాలు. ఉదయగిరి దాకా బస్సులో వెళ్ళేవాళ్ళు ఎక్కే ముందు నొప్పి మాత్ర వేసుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళండి, గతుకు వచ్చినప్పుడు పొట్టకి హత్తుకోవడానికి పనికొస్తుంది. ఇంట్లో పగలంతా పడుకోకుండా అరుగు మీద కూర్చోండి, పొద్దున సాయంత్రం వీధి చివరిదాకా నడవండి. డబ్బా పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వొద్దు, ఎంగిలి గొట్టం.